రాగి కాయిల్, బోరు నీళ్లు

మా వాళ్లందరిలో కాగితం చదివిపెట్టే పని నాది. మైదుకూరులో మా పుట్టింట్లో కరెంటు బిల్లు వచ్చినా, బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చినా, మందుబిళ్లల అట్ట మీద సన్నక్షరాలున్నా అందరూ నన్నే కేకేసేవారు. నేను డిగ్రీ పాసయ్యాను. నా చెల్లెలు తొమ్మిదో తరగతి తప్పి బడి మానేసింది. అందం చిన్నదానికి, చదువు పెద్దదానికి అని మా అమ్మ ఆస్తి పంచినట్టు చెప్పేది. దాని జడ, దాని రంగు, ఎవరితోనైనా రెండు నిమిషాల్లో కలిసిపోయే దాని గుణం చూసి లోపల్లోపల ఏడ్చినా, కాగితం వచ్చిందంటే అది నా దగ్గరికే రావాలి కదా అని సర్దుకునేదాన్ని. అలా చాలా ఏళ్లు సర్దుకున్నాను.

మేమిద్దరం కాపురానికి వచ్చింది ఒకే ఊరు, మా మొగుళ్లదీ ఒకటే పని. బేతంచెర్ల దగ్గర బండలు కోసే ఫ్యాక్టరీల్లో పెద్ద పెద్ద రంపపు చక్రాలుంటాయి. ఆ చక్రాల అంచు చుట్టూ వజ్రపు పొడి కలిపిన చిన్న చిన్న బిళ్లలు అతికించి ఉంటాయి. రాయిని కోసేది ఆ బిళ్లలే. అవి అరిగిపోతే పాతవి ఊడదీసి కొత్తవి అతికించాలి. మా ఆయన ఇంటి ముందరి షెడ్డులో ఆ పని గ్యాసు మంటతో చేసేవాడు. నల్లద్దాలు పెట్టుకుని, చక్రాన్ని స్టాండు మీద మెల్లగా తిప్పుకుంటూ, మంట రవ్వంత ఎక్కువైతే ఉక్కు వంకరపోతుందని ఊపిరి బిగబట్టి చేసేవాడు. ఆయన చేతి అతుకు ఊడిపోయిందని ఎవరూ తిరిగి రాలేదు. చెల్లెలి మొగుడు మొదట్లో ఆయన పక్కనే నిలబడి పనిచేసి, తర్వాత అదే రోడ్డులో కొంచెం ముందు సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. దానికి నేనేమీ అనుకోలేదు. పని ఇద్దరికీ సరిపోయేది.

అతను ఇండక్షన్ మిషను కొన్నాడని తెలిసిన రోజు మాత్రం అన్నం సహించలేదు.

కోయంబత్తూరు నుంచి లారీలో వచ్చింది. ముగ్గుపెట్టి, టెంకాయ కొట్టి, అందరినీ పిలిచారు. నేనూ వెళ్లాను, ముఖానికి ఇంత నవ్వు పులుముకుని. చూస్తే ఒక బీరువా అంత పెట్టె, దాని ముందు రాగి గొట్టాన్ని రెండు చుట్లు చుట్టి చేసిన కాయిల్, అంతే. ఆ గొట్టం లోపల నీళ్లు తిరుగుతూ ఉంటాయి. చక్రం అంచును బిళ్లతో సహా ఆ చుట్టల మధ్య పెట్టి కాలితో పెడలు తొక్కాడు మా మరిది. మంట లేదు, చప్పుడు లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేలోపు బిళ్ల కింద ఉక్కు ఎర్రబడింది. అతుకు లోహం కరిగి నీళ్లలా పాకింది. పెడలు మీంచి కాలు తీశాడు, అయిపోయింది. ఇంత ఎర్రబడిన ఇనుముకు వెంట్రుకవాసి దూరంలో ఉన్న రాగి మాత్రం చల్లగా ఉంది. తను కాలకుండా, ముట్టుకోకుండా పక్కదాన్ని కాల్చడం అన్నమాట. నా చెల్లెలు కొత్త పట్టుచీరలో పక్కనే నిలబడి అందరికీ బొరుగులు, బెల్లం పంచుతోంది. అక్కడ ఎర్రగా కాలిపోతున్నది నేనే.

మా ఆయనకు ఆ బాధే లేదు. మిషను చుట్టూ తిరిగి, వంగి చూసి, "శానా బాగుండాదప్పా, చక్రానికి యాడా సెగ తగల్లా" అని మరిది భుజం తట్టాడు. ఇంటికొచ్చేదాకా దాని గురించే మాట్లాడాడు. "మన నోటికాడి కూడు పోతాంటే సంబరపడతాండావే" అని దారిలోనే అరిచాను. "మంచి మిషనును మంచిదనకుండా యామనాల మే?" అన్నాడు. ఆ రోజు ఆయన మీద వచ్చినంత కోపం పెళ్లయ్యాక ఎప్పుడూ రాలేదు.

ఆ తర్వాత మా ఇంటి ముందు నుంచే చక్రాలు పోయేవి. ఏళ్ల తరబడి మాకే పని ఇచ్చిన ఫ్యాక్టరీ యజమాని ఆటోలో చక్రాలేసుకుని, మా షెడ్డు దగ్గరికి రాగానే ఫోను చూసుకుంటున్నట్టు తల దించుకుని వెళ్లిపోయేవాడు. ఆ తల దించుకోవడం చూస్తే ఇంకా మండేది. నేరుగా చూసి పోయినా బాగుండేది.

ఇంటి విషయం ఇంకో కథ. మిషను తెచ్చిన ఊపులో చెల్లెలు వంటింట్లోకి ఇండక్షన్ పొయ్యి కూడా తెచ్చుకుంది. "అక్కా, దీంట్లోనూ అట్లాంటి కాయిలే ఉండాదంట, సూడు, పొగ ల్యా మసి ల్యా" అని ఒకరోజు కాఫీ పెట్టి ఇచ్చింది. బాగానే ఉంది. నాకూ కావాలనిపించింది. అలా అనిపించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా పట్టుబట్టి, మరుసటి నెలలో అలాంటి పొయ్యే ఒకటి కొనిపించాను. చెల్లెలిని పిలిచి మరీ సంగటికి ఎసరు పెట్టబోయాను, మా అత్తగారి కాలం నాటి అల్యూమినియం తపేలాలో. పొయ్యి కుయ్యి కుయ్యిమని అరిచి ఆరిపోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అరిచింది. చెల్లెలు కడుపు పట్టుకుని నవ్వింది. "అయ్యో అక్కా, దీనికి అల్యూమినియం పనికిరాదు, అయస్కాంతం అంటుకునే గిన్నె కావాల. ఇంత సదువుకొని ఇది తెలీదా?" అంది. ఏ ఉద్దేశమూ లేకుండానే అంది. నాకు మాత్రం ఆ "సదువుకొని" అన్న మాట ముల్లులా దిగబడింది. పొయ్యిని అట్టపెట్టెలో పెట్టి అటక మీద పడేశాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇక అసలు సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

మిషనుతో పాటు ఇంగ్లీషులో ఒక పుస్తకం వచ్చింది. బిగించడానికి వచ్చిన మనిషి పొద్దున వచ్చి మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు. వచ్చీరాని తెలుగులో కాయిల్‌కి శుభ్రమైన నీళ్లు పోయమని చెప్పాడట. వీళ్లు బోరు నీళ్లు పోశారు. అందులో వీళ్ల తప్పేముంది? మా బోరు నీళ్లు చూస్తే అద్దంలా ఉంటాయి. చెరువు నీళ్లలా బురద ఉండదు, నాచు ఉండదు. మా వైపు ఎవరినడిగినా శుభ్రమైన నీళ్లంటే బోరు నీళ్లే అంటారు. సున్నపురాయి నేల కాబట్టి గిన్నెల అడుగున తెల్లగా గార కడుతుంది, దాన్ని చింతపండుతో తోముకుంటాం. అది గిన్నెకు పట్టే జబ్బు అనుకుంటామే గాని నీళ్ల జబ్బు అనుకోము.

కొన్నాళ్లకు చెల్లెలు ఆ పుస్తకం చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "అక్కా, మొత్తం సదివి చెప్పు. మీ మరిది భయపడతాండాడు, యాదన్నా తెలీక తప్పు చేస్తామేమోనని" అంది. పుస్తకం చేతికందగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత మిషను కొన్నా చివరికి నా గడపకే రావాలి కదా అనుకున్నాను. చాప వేసి కూర్చుని మొదలుపెట్టాను. చేతికి ఉంగరాలు, గాజులు ఉంటే కాయిల్ దగ్గరికి పోకూడదని చదివాను. చెల్లెలు వెంటనే తన వేలి ఉంగరం వైపు చూసుకుంది. గుండెకు మిషను పెట్టించుకున్నవాళ్లు దూరంగా ఉండాలని చదివాను. పెడలు ఎంతసేపు తొక్కాలో చదివాను. అది తలూపుతూ, ఒక్కో మాటను లోపల దాచుకుంటున్నట్టు వింటోంది.

మధ్యలో ఉన్నట్టుండి అంది: "అక్కా, బావకు ఇప్పుడు పని తక్కువుండాది గదా. ఊరికే యాల కూసోవాల? మా షెడ్డులో పనికి రమ్మను. మీ మరిదితో నేను మాట్లాడినాలే."

దాని కళ్లలో జాలి తప్ప ఇంకేమీ లేదు. ఎత్తిపొడిచినా తట్టుకునేదాన్నేమో. మా ఆయన పక్కన నిలబడి పని నేర్చుకున్నవాడి దగ్గర మా ఆయన కూలికి పోవాలి, అది కూడా నా చెల్లెలు సిఫారసు చేస్తే! తల దించుకుని పేజీ తిప్పాను.

ఆ పేజీలో పైనే పెద్దక్షరాల్లో ఉంది. కాయిల్‌లోకి బోరు నీళ్లు గాని, కుళాయి నీళ్లు గాని పోయరాదు, డిస్టిల్డ్ వాటరే పోయాలి, లేకపోతే గొట్టం లోపల గార కట్టి కాయిల్ కాలిపోతుంది అని. డిస్టిల్డ్ వాటరంటే మనం ఇన్వర్టరు బ్యాటరీలో పోసే నీళ్లే. ప్రతి మాటా అర్థమైంది. రెండోసారి కూడా చదువుకున్నాను, మనసులో. తర్వాత వేలు కిందికి జరిపి, మిషను మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పాలన్న వాక్యం పైకి చదివాను.

"అంతేనా అక్కా?" అంది చివర్లో.

"అంతే" అన్నాను.

ఆ తర్వాత ఆరేడు నెలలు నేను మామూలుగానే తిరిగాను. బిగించినవాడే చెప్పాడు కదా, నాకేం పట్టింది అనుకునేదాన్ని. చెల్లెలి షెడ్డు ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం డ్రమ్ములోకి బోరు నీళ్లు పడుతున్న చప్పుడు నా చెవికి అందరికంటే గట్టిగా వినబడేది. వినబడినప్పుడల్లా కడుపులో చల్లగా ఉండేది. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఎండాకాలంలో ఒకరోజు మా మరిది తువ్వాలులో ఏదో చుట్టుకుని మా షెడ్డులోకి వచ్చాడు. విప్పితే రాగి కాయిల్. ఒకచోట నల్లగా మాడి చిల్లి పడింది. కోయంబత్తూరుకు ఫోను చేస్తే కొత్తది రావడానికి చాలా రోజులు పడుతుందన్నారట. షెడ్డులో చక్రాలు గోడకు వరుసగా ఆనించి ఉన్నాయట, ఫ్యాక్టరీలవాళ్లు తిడుతున్నారట. "నువ్వే యాదన్నా చేయాల అన్నా" అన్నాడు. ఆ రాగి గొట్టాన్ని అతికించాలంటే మళ్లీ గ్యాసు మంటే కావాలి.

మా ఆయన చెడిపోయిన ముక్కను రంపంతో కోశాడు. గొట్టం లోపల తెల్లగా, గట్టిగా గార పేరుకుని, చీపురుపుల్ల దూరేంత సందు మాత్రమే మిగిలింది. వేలితో గీకి చూశాడు. "ఇది మన బోరు సున్నమప్పా. నీళ్లు పారక కాలిపోయింది. ఆ పుస్తకంలో నీళ్ల సంగతి రాసిండరా?"

"వదిన మొత్తం సదివి చెప్పింది గదన్నా" అన్నాడు మరిది. "రాసింటే వదిన చెప్పకుండా ఉంటాదా?"

నేను టీ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడి ఉన్నాను. మా ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఇన్నేళ్లు నాతో కాపురం చేసిన మనిషి, ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. నల్లద్దాలు దించుకుని మంట ముట్టించాడు. సాయంత్రానికల్లా కొత్త ముక్క అతికించి, మిగిలిన గొట్టంలో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోసి గార కరిగించి, బ్యాటరీ నీళ్లే పోయమని చెప్పి పంపాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఇక ఎవరూ ఆ పుస్తకం తెరవరు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే చెల్లెలు వచ్చింది, పుస్తకంతో.

"అక్కా, ఇంగొకసారి సదువు. నీళ్ల సంగతి యాడన్నా ఉండాదేమో. అప్పుడు నేనే సరిగ్గా ఇనుకోలేదేమో. రాత్రంతా మీ మరిది నన్నే తిట్టినాడు, నువ్వే ఇని మర్చిపోయింటావని."

అవునే, నువ్వే వినలేదు అంటే చాలు. అది నమ్మేది. జీవితాంతం నమ్మేది. నేను పుస్తకం తెరిచి, వెతకకుండానే ఆ పేజీ తీశాను. ఆ వాక్యం చదివి, తెలుగులో చెప్పాను. చెల్లెలు శ్రద్ధగా విన్నది.

"నువ్వు మర్చిపోలేదు. నేనే సదవలేదు" అన్నాను.

"కనపడలేదా అక్కా?"

ఇంకో దారి అదే చూపించింది పాపం.

"కనపడింది" అన్నాను.

చెల్లెలు నా ఒళ్లోంచి పుస్తకం తీసుకుని, పైటకొంగుతో అట్ట తుడిచి, "సంగటికి పొద్దు పోతాండాది, వస్తా" అని లేచి వెళ్లిపోయింది.

తగువు పడలేదు. ఇప్పటికీ కూర చేస్తే గిన్నెలో పంపిస్తుంది, పండక్కి పిలుస్తుంది, అక్కా అంటుంది. మా ఆయన వాళ్ల షెడ్డులో పనికి పోలేదు గాని, కాయిల్‌కి ఏ రిపేరు వచ్చినా మరిది ఆయన దగ్గరికే తెస్తాడు.

మొన్న మా అమ్మకు ఒంట్లో బాగాలేక కర్నూలులో స్కానింగు తీయించాం. రిపోర్టు చెల్లెలి చేతికిచ్చారు. ఆసుపత్రి బెంచీ మీద దాని పక్కనే కూర్చుని నేను చెయ్యి చాచాను. అది చూడనట్టే కాగితాన్ని ఒళ్లో పరిచి, ఫోనుతో ఫోటో తీసి, మీట నొక్కింది. ఫోను తెలుగులో చదవడం మొదలుపెట్టింది. పిత్తాశయంలో రాయి అనాల్సిన చోట ఏదో అర్థంలేని మాట అంది. నేనుండబట్టలేక, "అది పిత్తాశయమే. చిన్న రాయి, భయం లేదని రాసినారు" అన్నాను.

చెల్లెలు నా వైపు చూసి తలూపింది. తర్వాత ఫోను చెవి దగ్గర పెట్టుకుని, మొదటి నుంచి మళ్లీ విన్నది.