సగంలో లాగిన పెన్‌డ్రైవ్

వీధిలో ఆమెను అందరూ తాళాలక్క అంటారు. ముందు గదిలో టైపింగ్ చేసి బతుకుతుంది. భోజనానికి లేస్తే కంప్యూటర్ మౌస్ పీకి బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. ఇరవై ఏళ్లలో ఆ గదిలోంచి గుండుసూది పోయింది లేదు, పోతుందన్న అనుమానమూ పోలేదు.

ఎనిమిది నెలలుగా ఆమె చేతిలో ఉన్నది రిటైరైన నర్సమ్మ పుస్తకం. పురిటి గదిలో గడిచిన ముప్పై ఏళ్ల సంగతులు. నర్సమ్మకు చూపు తగ్గింది కాబట్టి ఆమె చెబుతుంటే తాళాలక్క నేరుగా టైపు చేసింది. కాగితం మీద ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా రెండువందల ఆరు పేజీల ఒకే ఫైలు.

కంప్యూటర్ మొరాయిస్తోందని, రిపేరు షాపున్న మరిదిని పిలిచింది. అతను ముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పెట్టి, ఆ తర్వాత పాత సిస్టమ్ తీసేసి వేరేది ఎక్కించాడు. అన్నీ తెరుచుకున్నాయి, నర్సమ్మ పుస్తకం తప్ప. ఫైలు పాడైందని తెర మీద ఒకటే మాట.

మరిది షాపు పక్కనే ప్రెస్సు ఉంది. పుస్తకం అక్కడికి చేరవేసి ఇక్కడిది చెడగొట్టాడేమో! తాళాలక్క అప్పటికప్పుడు నర్సమ్మకు ఫోన్ చేసి, "మా మరిది చేతిలో పడి పాడైందమ్మా" అనేసింది.

మర్నాడు పొద్దున్నే మరిది వచ్చేసరికే నర్సమ్మ వచ్చి కూర్చుని ఉంది. "ఏం నాయనా, నా పుస్తకం మింగావట. అరిగిందా?"

"ఇంకా నమల్లేదమ్మా," అంటూ మరిది పెన్‌డ్రైవ్ పెట్టాడు. తాళాలక్క అతని భుజం మీదికి వంగి, వేళ్లు ఎటు పోతే అటు చూస్తోంది.

"కాస్త గాలి రానివ్వు వదినా."

"వస్తూనే ఉందిలే, కానివ్వు."

అతను ఫైలు సైజు చూసి నుదురు చిట్లించాడు. "ఇది పూర్తిగా రాలేదు. ఫైలంటే మూటలాంటిది. ముడి ఊడిపోయింది. ఉన్నంతవరకు బయటికి తీస్తాను." ఏదో ప్రోగ్రాం నడిపాడు. పేరాలు లేకుండా, శీర్షికలు లేకుండా మాటలన్నీ ఒకదాని వెంట ఒకటి దిగాయి. నూటతొంభై అయిదో పేజీలో, వాక్యం మధ్యలో ఆగిపోయాయి.

"ఫోనొచ్చి నేను బయటికెళ్లి వచ్చేసరికి పెన్‌డ్రైవ్ తీసేసి ఉంది. కాపీ అయ్యాకే తీశానన్నావు. నీ మాట నమ్మి పాతదంతా తుడిచేశాను. నిజంగా అయ్యాకే తీశావా వదినా?"

అవునంటే చాలు, నింద అతని మీదే ఉండిపోతుంది. నర్సమ్మ ఆమె వైపే ముఖం తిప్పి కూర్చుంది.

"నేనే మధ్యలో లాగేశానమ్మా," అంది తాళాలక్క చివరికి. "ఇతను తిరిగొచ్చి ఇంకో కాపీ పట్టుకుపోతాడేమోనని."

మరిది కుర్చీలో వెనక్కి వాలాడు.

"తొందరపడి లాగితే ఏమవుతుందో నా పుస్తకం నిండా ఉంది కదే అమ్మాయ్, టైపు చేసిందీ నువ్వే!" అంది నర్సమ్మ. "సరే, ఆ పదకొండు పేజీలూ మళ్లీ చెబుతాను. కానీ ఇకనుంచి ఒక కాపీ ఈ అబ్బాయి దగ్గరుండాలి. ఒప్పుకుంటేనే నోరు తెరుస్తాను."

తాళాలక్క తలూపింది.

సాయంత్రానికి నాలుగు పేజీలయ్యాయి. కాపీ మొత్తం అయ్యేదాకా కదలకుండా కూర్చుని, పెన్‌డ్రైవ్ తీసి మరిది చేతికిచ్చింది. వేళ్లు మాత్రం వెంటనే వదల్లేదు.

"మీ షాపులో రాత్రిళ్లు ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు వదినా."

"అదే నా భయం," అని వదిలింది.