వల కొరికిన కుక్క

డెబ్బైల మొదట్లో నన్ను రేపల్లె నుంచి బాపట్ల పశువుల ఆస్పత్రికి బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరు పెద్దదే గానీ నా కింద ఉన్నది ఒక కాంపౌండరు, ఒక అటెండరు. వచ్చేవన్నీ గేదెలు, ఎడ్లు. కుక్కను తెచ్చేవాళ్లు అరుదు.

ఒక పొద్దున సముద్రపు ఒడ్డు పల్లె నుంచి పోలయ్య అనే చేపల వేటగాడు ఒక ఎర్ర కుక్కను తాడుతో లాక్కొచ్చాడు. వెనకే ఆయన భార్య మంగమ్మ.

"దీన్ని సూది వేసి చంపెయ్యండి బాబూ, పిచ్చెక్కింది. కొత్త నైలాన్ వల కొరికి పారేస్తోంది. ఆ వల పోతే మేం పస్తులే" అన్నాడు పోలయ్య.

"పిచ్చీ లేదు, పాడూ లేదండి. మా పిల్లల్తో పాటు పెరిగింది" అంది ఆవిడ.

నాకు ఒళ్లు మండింది. సూది ఉంది కదా అని పొడిచెయ్యడానికా మేమున్నది? జబ్బేంటో తేలందే సూది పట్టనని ఖండితంగా చెప్పాను.

వయసొచ్చిన కుక్క ఉన్నట్టుండి వస్తువులు కొరుకుతోందంటే మేము మొదట అనుమానించేది పిచ్చినే. అందుకని కొన్నాళ్లు ఆస్పత్రి షెడ్డులో విడిగా కట్టించి, దూరం నుంచి గమనించాను. పిచ్చికుక్క కర్రనీ రాయినీ కూడా వదలదు. దవడ జారిపోతుంది, గొంతు మారుతుంది. ఇదేమో శుభ్రంగా తింటోంది, మంగమ్మ కనిపిస్తే తోక ఊపుతోంది. ఆ అనుమానం తీరాకే నోరు తెరిచి చూశాను. పళ్లు, చిగుళ్లు భేషుగ్గా ఉన్నాయి. మరి వల మీదే ఎందుకు పడుతున్నట్టు?

దాన్ని వెంటబెట్టుకుని ఒడ్డుకే వెళ్లాను. నావ వచ్చింది. వల ఇసుక మీద పరిచారు. కుక్క పరుగున వెళ్లి, వల కళ్లలో ఇరుక్కున్న చిన్న చేపల్ని పళ్లతో లాగడం మొదలుపెట్టింది.

ఇది ఎప్పటినుంచయ్యా అని అడిగితే పోలయ్య గొప్పగానే చెప్పాడు. "పిల్లప్పట్నుంచీ అండి. వల దులిపే పని సగం అదే చేసేది. భలే కుక్క అనేవాళ్లం."

అదీ సంగతి! పాత నూలు వలకు రోజూ చిరుగులు పడేవి, రోజూ అల్లుకునేవాళ్లు. అందులో కుక్క కొరికిందెంతో ఎవరూ పట్టించుకోలేదు. ఊరికే చిరగని నైలాన్ వల వచ్చేసరికి నేరం బయటపడింది.

"అయితే పిచ్చి దానిక్కాదయ్యా, మీకు" అన్నాను. మంగమ్మ నవ్వింది. పోలయ్య నవ్వలేదు.

చెయ్యాల్సింది చెప్పాను. నావ వచ్చే వేళకు ముందే కడుపు నిండా పెట్టి దూరంగా కట్టెయ్యాలి. వలను గుంజల మీద ఎత్తుగా ఆరెయ్యాలి. దాని వాటా చేప చేత్తోనే పెట్టాలి. కొరకడానికి తాటి టెంకలు పడెయ్యాలి, టెంక నోట పట్టినప్పుడు మెచ్చుకోవాలి. ఎప్పుడో చేసినదానికి ఇప్పుడు కొట్టకూడదు, దెబ్బ ఎందుకు పడిందో దానికి తెలియదు. పోలయ్య నమ్మలేదు. వానాకాలం వెళ్లేదాకా చూస్తానని, ఆ తర్వాత కూడా వల తెగితే తనే దాన్ని సముద్రంలో ముంచేస్తానని తెగేసి చెప్పాడు.

వానలు వెనకపట్టాక మళ్లీ వెళ్లాను. వల పరిచి, పోలయ్య కావాలనే కుక్క కట్టు విప్పాడు. అది వల దాకా వెళ్లింది. వాసన చూసి, వెనక్కొచ్చి మంగమ్మ ముందు కూర్చుంది. పోలయ్య గంపలోంచి ఒక చేప తీసి తన చేత్తోనే పెట్టాడు.

తర్వాత తెనాలిలో పనిచేసినప్పుడు చెప్పులు, పరుపులు చింపే కుక్కల్ని చాలా చూశాను. ఎవరొచ్చినా మొదట ఒకటే అడిగేవాణ్ణి: ఇది ఈ పని మొదటిసారి చేసినప్పుడు ముద్దు చేసిందెవరు? చాలాసార్లు, సూది వెయ్యమని నా ముందు నిలబడ్డ మనిషే.