పెద్దయ్యగారికి కోడికూర

రాజారత్నం చెప్పిన ప్రసంగాలన్నింటిలోకీ బాగా పేరొచ్చింది సంతృప్తిని గురించి చెప్పినది. ఉన్నదానితో తృప్తిపడాలనీ, రేపటి గురించి చింతపడకూడదనీ ఆయన చెబుతుంటే ఈపూరు చుట్టుపక్కల పల్లెల్లో ముసలమ్మలు కళ్లొత్తుకునేవారు. అయితే ఆ ప్రసంగం చెప్పినన్నాళ్లూ ఆయనకు మిషను నుంచి నెలనెలా నిండు జీతం అందేది. చెప్పేవి శ్రీరంగనీతులన్న సామెత ఉపదేశులకు వర్తించదని ఎవరూ రాసిపెట్టలేదు.

ఉపదేశి అంటే పాస్టరు కాదు. పాస్టరు నరసరావుపేటలో ఉంటాడు. ఉపదేశి పల్లెలో ఉండి, ఆదివారం ఆరాధన జరిపి, పిల్లలకు అక్షరాలు దిద్దించి, పెళ్లికీ చావుకీ ప్రార్థన చేస్తాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలైన నాలుగో ఏడు, సముద్రాలు దాటి మిషనుకు రావలసిన డబ్బు ఆ సముద్రాల్లోనే ఎక్కడో నిలిచిపోయింది. ముందు ఉపదేశుల జీతంలో పావు వంతు కోశారు. ఏడాది తిరక్కుండా సగానికి దించారు. మిగతా సగం మాటేమిటని అడిగితే ‘స్వయంపోషణ’ అన్నారు. అంటే ఏ ఊరి సంఘం ఆ ఊరి ఉపదేశిని తానే పోషించుకోవాలన్నమాట. మాట గంభీరంగా ఉంది. రాజారత్నం దాని మీద కూడా ఒక ప్రసంగం చెప్పాడు.

పోషించవలసిన సంఘమేమో కూలికి వెళితే గింజలు, వెళ్లకపోతే పస్తు. అయినా వాళ్లకో ఆచారముంది. ఇంటి ఆడమనిషి పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండలన్నీ గుడిలో ఒక గంపలో ఒంపుతారు. ఆ గంప ఉపదేశి ఇంటికి వెళుతుంది. దాని పేరు పిడికెడు బియ్యం. పల్నాట్లో బియ్యం పండగనాడు కనపడితే గొప్ప కాబట్టి, గంపలో ఉండేవి ఒకరింటి జొన్నలు, ఒకరింటి కొర్రలు, ఇంకొకరింటి సజ్జలు. అన్నీ కలిపి వండితే కొర్రలు జావయ్యేసరికి జొన్నలు ఇంకా రాళ్లలాగే ఉండేవి. రాజారత్నం భార్య గ్రేసమ్మ చాట ముందేసుకుని వాటిని వేరు చేయడంలోనే సోమవారమంతా గడిపేది.

ఆమె కూడా సంఘంలో మనిషే కాబట్టి, ఆమె కూడా పూటపూటా పిడికెడు తీసిపెట్టేది.

“మన గింజలు మనమే గుడికిచ్చి, మళ్లీ మనమే జీతంగా తెచ్చుకుంటున్నాం గదే గ్రేసూ. ఎవరి కోసం ఈ ప్రయాణం?” అన్నాడు రాజారత్నం ఒకసారి.

“మీరే గదండీ మొన్న ఆదివారం చెప్పారు, ఇస్తేనే తిరిగి వస్తుందని. వస్తంది గదా,” అంది గ్రేసమ్మ.

తన ప్రసంగాలను ఊళ్లో ఒక్కరైనా వింటున్నందుకు సంతోషించాలో, వినే ఆ ఒక్కరూ తన పెళ్లామే అయినందుకు ఏడవాలో ఆయనకు తెలియలేదు.

పిల్లల్లేని సంసారం. పొదుపు చెయ్యడానికి ఇద్దరి అలవాట్లే గతి. ఇద్దరూ మిషను హాస్టళ్లలో చదువుకున్నవాళ్లు, అక్కడే కాఫీ మరిగారు. ముందు కాఫీపొడి కొనడం మానేసి జొన్నలు మాడ్చి పొడి కొట్టుకున్నారు. తరవాత జొన్నలు తినడానికే చాలక బెల్లం నీళ్లకు దిగారు. బెల్లం ధర చెట్టెక్కాక వేడినీళ్లు మిగిలాయి. పేరు మాత్రం మార్చలేదు. “కాఫీ కాగింది, రండి,” అని గ్రేసమ్మ వీధిలోకి వినపడేలా పిలిచేది. ఆయన వేడినీళ్లు ఊదుకుంటూ తాగి, “ఇవాళ కొంచెం చిక్కగా ఉందే,” అనేవాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే కాబోలని ఇద్దరూ నవ్వుకునేవారు. నవ్వుకు కంట్రోలూ లేదు, రేషను కూపనూ లేదు.

బట్టలకు రెండూ ఉన్నాయి. రాజారత్నానికి ఒక నల్లకోటు ఉండేది. దాని కింద చొక్కాకు కాలరూ ఛాతీ భాగమూ ఉన్నాయి. వీపు లేదు. వీపు భాగం కత్తిరించి గ్రేసమ్మ మోచేతులకు మాసికలు వేసింది. కోటు తొడిగి బొత్తాలు పెట్టుకుంటే ఉపదేశిగారు నిండుగానే కనపడేవాడు. ఎటొచ్చీ ఎంత ఎండయినా కోటు విప్పడానికి లేదు. “అయ్యగారిది ఎంత మర్యాద!” అని ఊళ్లో చెప్పుకున్నారు.

ఇలా ఉండగా మాఘమాసంలో కబురొచ్చింది. నరసరావుపేట నుంచి పెద్ద పాస్టరు జ్ఞానయ్యగారు పల్లెలు తిరుగుతున్నారు. ఏ ఉపదేశి సంసారం ఎలా జరుగుతోందో కళ్లారా చూసి, సంఘం పోషించలేని చోట ఆ సగం జీతం ఉంచుతారు. పోషించగల చోట అది కూడా తీసేస్తారు. శనివారం మధ్యాహ్నానికి ఈ ఊరు వస్తారు.

“అమ్మయ్య,” అంది గ్రేసమ్మ. “మనం ఏమీ చెయ్యక్కర్లా. ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం. ఏదీ దాచొద్దు, ఏదీ అడిగి తేవొద్దు. సంకటి పెడతా, పచ్చిమిరపకాయ నూరతా. కోటు మాత్రం తీసెయ్యండి.”

రాజారత్నం సరేనన్నాడు. తీరా ఇల్లంతా కలయజూస్తే ఆయనకు బెంగ పట్టుకుంది. గోడలు గ్రేసమ్మ సుద్దతో తెల్లగా పూసింది. నేల పేడతో నున్నగా అలికింది. ఉన్న రెండు గిన్నెలూ తోమి తోమి వెండిలాగా చేసి బోర్లించింది. దరిద్రం కూడా శుభ్రంగా ఉంటే దరిద్రంలా కనపడదు.

“ఒక మూల కొంచెం చిందరవందరగా ఉంచితే…” అన్నాడు మెల్లగా.

గ్రేసమ్మ చూసిన చూపుకి ఆ మాట అక్కడే మింగేశాడు.

శుక్రవారం సాయంత్రం సంఘపెద్ద బాలకోటయ్య ఒక మూటతో వచ్చాడు. అతను రెడ్డిగారి దగ్గర పాలేరు. మూటలో తెల్లటి బియ్యం. “దొరసానమ్మనడిగి తెచ్చా అయ్యగోరూ. పెద్దయ్యగారొస్తంటే మన ఊరి పరువేంగాను?” అన్నాడు. అతని వెనక ఒకామె నెయ్యి తెచ్చింది. మరొకరు కొత్త ఈతచాప తెచ్చారు. ఇంకొకరు కంచుచెంబు. చివరికి కోటమ్మ వచ్చింది. బాప్తిస్మమిచ్చినప్పుడు ఆమెకు ఎలీసబెత్తని పేరు పెట్టారు గానీ, ఆ సంగతి ఊళ్లో ఎవరికీ గుర్తులేదు, ఆమెకు కూడా. మొగుడు పోయి, ఒంటరిగా కూలి చేసుకు బతికే మనిషి. ఆమె చంకలో పెట్ట ఉంది.

“గుడ్లు పెట్టే పెట్ట గదా కోటమ్మత్తా! దీన్ని కోస్తారా ఎవరైనా?” అంది గ్రేసమ్మ.

“గుడ్లు పెడితే మాత్రం పెద్దయ్యగారికంటే ఎక్కువా? కొయ్యి,” అంది కోటమ్మ.

రాజారత్నం నోరు తెరిచాడు. ‘వద్దు, తీసుకుపొండి, రేపు మా ఇంట్లో ఏమీ కనపడకూడదు,’ అని చెబితే చాలు. చెబితే ఎందుకని అడుగుతారు. ‘మీరు పెట్టే పిడికెడు మాకు చాలడంలేదు, ఆ మాట పెద్దయ్యగారికి తెలియాలి,’ అనాలి. తమ కంచంలోంచి తీసి పెట్టేవాళ్ల ముఖం మీద ఆ మాట అనడం ఎలా? తెరిచిన నోటితో ప్రార్థన చేసి వాళ్లను పంపేశాడు. నోరు తెరిస్తే ప్రార్థన వచ్చేయడం ఉపదేశులకున్న జబ్బు.

“రేపు మన పని అయిపోయినట్టే,” అంది గ్రేసమ్మ పెట్ట కాళ్లకు తాడు కడుతూ.

శనివారం జ్ఞానయ్యగారు, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడుపుతున్న బస్సు దిగి, అక్కణ్ణుంచి ఎద్దుబండిలో ఒళ్లు హూనమై వచ్చారు. చెడ్డమనిషి కాదు. ఆకలిమీదున్న మనిషి. కొత్త చాప మీద కూర్చోబెట్టి, తెల్లటి అన్నం, మీద నెయ్యి, పక్కన మసాలా దట్టించిన కోడికూర వడ్డించింది గ్రేసమ్మ. వాకిట్లో బాలకోటయ్యా కోటమ్మా మిగతా జనమూ గుమిగూడి, ఆయన నమిలే ప్రతి ముద్దనూ తామే నములుతున్నంత శ్రద్ధగా చూస్తున్నారు.

“ఏమోయ్ రాజారత్నం, నీ గురించి దిగులుపడుతూ వచ్చాను సుమా,” అన్నారు జ్ఞానయ్యగారు ముక్క కొరుకుతూ. పల్నాటి కారానికి ఆయనకు చెమటలు పడుతున్నాయి. ఎదురుగా కోటులో ఉన్న రాజారత్నానికి ఇంకా ఎక్కువ పడుతున్నాయి. “అదేమిటయ్యా, ఆ ముఖం చూడు, కారిపోతోంది. ఇంట్లోనే ఉన్నావుగా, కోటు తీసెయ్.”

గ్రేసమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంతకంటే దేవుడు ఇంకేం సాయం చేస్తాడు? కోటు విప్పితే వీపు బయటపడుతుంది, వీపు బయటపడితే సగం జీతం నిలబడుతుంది. రాజారత్నం పై బొత్తం పట్టుకున్నాడు. వాకిలి వైపు చూశాడు. అంతమంది కళ్లు తన మీదే ఉన్నాయి. మా అయ్యగారు అని పొంగిపోతున్న కళ్లు.

“జలుబుగా ఉందండీ,” అన్నాడు.

జ్ఞానయ్యగారు చెయ్యి కడుక్కుని తృప్తిగా త్రేన్చి, రాజారత్నాన్ని దగ్గరకు పిలిచి, వాకిట్లోకి వినపడకుండా అన్నారు. “బొల్లాపల్లి వైపు ఒక ఉపదేశి ఇంట్లో నాకు గంజి పోశారయ్యా. ఉప్పు కూడా లేదు. కళ్లనీళ్లు తిరిగాయి. నీకు ఇంత మంచి సంఘాన్నిచ్చాడు దేవుడు. వచ్చే నెల నుంచి నీ సగం అతనికి కలుపుతాను. కాదనవుగా?”

“ఎంత మాటండీ,” అన్నాడు రాజారత్నం. లోపల మాత్రం, గంజి పోసిన ఆ మనిషి తనకంటే తెలివైనవాడనీ, తనకంటే నిజాయితీపరుడనీ, రెండూ ఒక్క గిన్నెడు గంజితో సాధించాడనీ అనుకున్నాడు.

బండిని ఊరు దాటించి జనం మళ్లీ వాకిట్లోకి వచ్చేశారు. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి.

“ఎంత పెంచుతామన్నారు అయ్యగోరూ?” అన్నాడు బాలకోటయ్య.

“ఏమిటి పెంచేది?”

“జీతం! కరణానికైనా, అమీనుకైనా కోడిని కొయ్యందే పని కాదు గదా. మీరు నోరు తెరిచి అడిగే మడిసి కాదని మేమే ఆలోసన చేశాం.”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఏమిటో రాజారత్నానికి అప్పుడు పూర్తిగా బోధపడింది. నవ్వొచ్చింది. నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. అది నవ్వేనా అని గ్రేసమ్మ దగ్గరకొచ్చి చూసింది. ఆయన కళ్లు తుడుచుకుని, ఈసారి ప్రార్థన చెయ్యకుండా, ఉన్నమాట చెప్పేశాడు. జీతం మొత్తం పోయిందని, ఎందుకు పోయిందో కూడా చెప్పాడు.

బాలకోటయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

“అయితే ఇంక మిషనోళ్లు మీకేమీ ఇయ్యరా?” అంది కోటమ్మ.

“ఇవ్వరు అత్తా.”

“అట్టాగా,” అంది కోటమ్మ. “మాకూ ఎవురూ ఊరికే ఇయ్యరు గదా. రేపు ఆదోరం. సోమారం రెడ్డిగారి చేలో జొన్న కోత పడతంది. ఇద్దరూ రాండి.”

“నాకు కోత రాదు కోటమ్మత్తా.”

“మేం పుట్టేటప్పుడు కొడవలి పట్టుకు పుట్టామా ఏంది?”

గ్రేసమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, “రెండు కొడవళ్లు చూడు అత్తా,” అంది.

సోమవారం తెల్లవారుజామున ఉపదేశిగారు చేలో దిగారు. తన సాలులో ఆయన కాస్త నరికేసరికి పక్క సాళ్లవాళ్లు గట్టు దగ్గరికెళ్లి నీళ్లు తాగుతున్నారు. ఆయన కోసినవి పనలో, పిల్లలు పీకి పారేసినవో తెలియలేదు. బతుకంతా పంటకోత మీద ప్రసంగాలు చెప్పినవాడు, జొన్నదంటు ఎక్కడ పట్టుకుని కొయ్యాలో అడిగి తెలుసుకున్నాడు. గ్రేసమ్మకు చిన్నప్పటి పని చేతికి వచ్చేసింది. ఆమె తన సాలు ముగించి, అవతలి కొస నుంచి ఆయన సాలు కోసుకుంటూ ఎదురొచ్చింది. సాయంత్రానికి ఇద్దరికీ కలిపి కూలి గింజలు కొలిచారు. అన్నీ జొన్నలే. చాటలో వేరుచేసే పని లేదని గ్రేసమ్మ మురిసిపోయింది.

గట్టు మీద రాజారత్నం నడుము పట్టుకుని కూలబడ్డాడు. చేతులు బొబ్బలెక్కాయి. పక్కన కోటమ్మ కొడవలి తుడుచుకుంటోంది.

“అత్తా, వారమంతా ఇంత పని చేసి, ఆదివారం నా ప్రసంగమప్పుడు ఎలా మేలుకుని కూర్చుంటున్నావు?” అని అడిగాడు, మనస్ఫూర్తిగా.

“ఎవురు మేలుకున్నారయ్యా?” అంది కోటమ్మ.

ఆ వారమంతా కోత సాగింది. ఆదివారం రాజారత్నం గుడిలో నిలబడి సంతృప్తి గురించే మొదలుపెట్టాడు. కొంతదూరం వెళ్లాక ఎందుకో ఆడవాళ్ల వైపు చూశాడు. ముందు వరసలో కోటమ్మ గోడకు జారబడి నిద్రపోతోంది. ఆమె భుజం మీద తల ఆనించి, నోరు కొంచెం తెరిచి, గ్రేసమ్మ కూడా నిద్రపోతోంది. పెళ్లయినప్పటినుంచి ఆయన ప్రసంగాలను ఒక్క ముక్క పొల్లుపోకుండా విన్న గ్రేసమ్మ. ఆయన మాట తగ్గించాడు, తరవాత ఆపేశాడు. ఎవరినీ లేపకుండా పీట మీద కూర్చున్నాడు.