కట్టుగుడ్డ గుడారంలో నేను

మనిషి తన పరువును ఎవరి సాయమూ లేకుండా, తనే గుడ్డ కత్తిరించి, తనే రంగు వేసి, తనే కుట్టి, అందులో కూర్చుని మరీ పోగొట్టుకోగలడు. నమ్మకపోతే ఇది చదవండి. నేను ఆ ఘనకార్యాన్ని ఒక్క పొద్దున, ఇంకా కాఫీ అయినా పడకముందే పూర్తిచేశాను.

మాది తమిళనాట రాజపాళయం. ఇంటిల్లిపాదికీ ఒకటే వ్యాపారం, గాయాలకు కట్టే గుడ్డ. మా గుడ్డ ఎంత పలచగా ఉంటుందో, గాయానికి గాలి ఎంత బాగా తగులుతుందో ఫోనులో ఆసుపత్రుల వాళ్లకు గొప్పలు చెప్పడం నా పని. రోజూ అదే పాట. ఇటు పక్క కన్ను పెడితే అటు పక్క కనిపిస్తుంది సార్ అని నోరారా చెప్పేవాణ్ణి. మీరు ఈ ముక్క గుర్తుంచుకోండి. నేనైతే మరిచిపోయాను.

అప్పట్లో నాకు రెండు పిచ్చులు. ఒకటి కొత్త కెమెరా, రెండోది సుధ. సుధ మా అమ్మకు అన్న వరుసయ్యే మామ కూతురు. మంసాపురం అవతల, కొండ కింద వాళ్లకు మామిడితోపు ఉంది. జాతకాలు కుదిరాయి, పెద్దవాళ్లు తలలూపారు. సుధ మాత్రం ఆలోచించి చెబుతానంది. ఆలోచిస్తూనే ఉంది. నాకు అన్నం సయించడం మానేసింది. మానేసిందంటే, ఇడ్లీలు నాలుగుతో ఆపేవాణ్ణి.

అమ్మ ఒక కబురు తెచ్చింది. ఆ తోపుకు కొండ మీదినుంచి ఒక పెద్ద ఉడత దిగుతుందట. బూడిద రంగు, పిల్లి అంత ఒళ్లు, ఒంటికి మించిన తోక. ఉడతను మేము అరవంలో లాగే అణిల్ అంటాం. సుధకు అదంటే ప్రాణం. ఫోటో తీద్దామని ఎన్ని తూర్లు చూసినా మనిషి అలికిడికి కొమ్మల్లో మాయమైపోతోందట. ఇంకేం, ఆ అణిల్ ఫోటో తీసి సుధ చేతిలో పెడితే పెళ్లి ఖాయమని నేను తీర్మానించుకున్నాను.

ఇలాంటి ఫోటోలు తీసేవాళ్లు చిన్న గుడారం వేసుకుని అందులో దాక్కుంటారు. మడిచి భుజాన వేసుకుపోయే రకం. అది కొంటానని నాయనతో అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మిల్లు నిండా గుడ్డ పెట్టుకోని గుడ్డ కొనేకి పోతావా? ఊర్లో తెలిస్తే నగుతారు."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు. మా ఇంట్లో గుడ్డల మోత ఉండగా బయట గుడారం మోత ఎందుకని నాకూ రోషం వచ్చింది. కట్టుగుడ్డ తాను ఒకటి తెచ్చి ఆకుపచ్చ రంగులో ముంచి, వెదురు బద్దలకు చుట్టి కుట్టాను. ముందు పక్క కెమెరా మూతి మాత్రం పట్టేంత ఒక కన్నం. మసకగా ఉండే మా గోడౌనులో నిలబెట్టి లోపల కూర్చుని అమ్మను పిలిచాను. నువ్వు యాడ ఉండావో తెలియలేదప్పా, అంది. అమ్మకు కంటి శుక్లాలు. ఆ సంగతి కూడా నాకు అప్పుడు గుర్తు రాలేదు.

మామను అడిగితే సంతోషంగా రమ్మన్నాడు. చీకటి ఉండగానే బండి మీద వెళ్లి తోపులో గుడారం వేశాను. ఫోటో పాఠాల్లో మొదటిది, వెలుతురు మన వెనకనుంచి రావాలని. అందుకని తూర్పుకు వీపు పెట్టి, కొండవైపు చూస్తూ కూర్చున్నాను. పాఠం తప్పలేదండీ, శిష్యుడే తప్పాడు.

పొద్దు పొడిచింది. గుడారం లోపలంతా పచ్చగా వెలిగిపోయింది. ఆ వెలుగులో గుడ్డ తప్ప బయటిదేదీ నాకు కనబడలేదు. నాకు కనబడకపోతే ఎవరికీ నేను కనబడనని గట్టి నమ్మకం. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి నాకన్నా నయం, దానికి పాలైనా దక్కుతాయి.

కాసేపటికి ఉక్కపోసింది. చొక్కా విప్పాను. వీపు గోక్కున్నాను. ఇడ్లీ పొట్లం విప్పి తిని, వేళ్లు నాకాను. తల దువ్వుకున్నాను. కెమెరా గురిపెట్టిన కొమ్మ మీద అణిల్ జాడ లేదు. ఊరికే కూర్చోవడమెందుకని, ఫోటో ఇచ్చేటప్పుడు సుధతో ఏం చెప్పాలో పలికి చూసుకున్నాను. ముందు గుండె మీద చేయి పెట్టుకుని, "సుధా, ఇది నీకోసం" అన్నాను. బాగా రాలేదు. మోకాళ్ల మీద నిలబడి అన్నాను. మరీ నాటకంలా ఉంది. ఆఖరుకు చేతులు ముడుచుకుని, మెల్లగా, "నాకు పెద్దగా మాట్లాడేది రాదు సుధా. నువ్వు సరే అంటే చాలు" అన్నాను. అన్నాక నాకే కళ్లు చెమర్చాయి.

ఇక ఎండ తట్టుకోలేక చొక్కా చేతపట్టుకుని బయటికి వచ్చాను.

ఎదురుగా, పంపుసెట్టు గది అరుగు మీద, మామ, అత్త, సుధ వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరూ కదలడం లేదు. మామ మాత్రం మర్యాదగా గొంతు సవరించుకున్నాడు.

"అయిందా అప్పా? ఫోటో తీసేటప్పుడు సద్దు చేయకూడదని మేము పలకలేదు."

ఎప్పుడు వచ్చారని అడిగాను. నేను చొక్కా విప్పకముందే వచ్చారట. వెనక సూర్యుడు, ముందు పలచని గుడ్డ, మధ్యలో నేను. నా నీడ తోలుబొమ్మలా తెరమీద ఆడిందని, మాటలు కూడా స్పష్టంగా వినబడ్డాయని అత్త మెచ్చుకుంది. ఇడ్లీకి చట్నీ తెచ్చుకోలేదేమని బాధపడింది కూడా. భూమి చీలితే బాగుండుననుకున్నాను. మంసాపురం నేల గట్టిది, చీలలేదు.

"అణిల్ రాలేదు మామా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"వచ్చింది బావా," అంది సుధ.

ఫోను నా చేతికిచ్చింది. పచ్చటి తెరమీద మోకాళ్ల మీద నిలబడిన ఒక నీడ, చేయి గుండె మీద. దాని ముందు కొమ్మ మీద అణిల్, తోక వేలాడేసి, తల ఒక పక్కకు వంచి ఆ నీడనే చూస్తోంది. ఫోటో ఇచ్చేటప్పటి మాటలు పలుకుతూ, తీయవలసిన ఫోటోను వదిలేసిన మహానుభావుణ్ణి నేను.

"ఇన్ని నాళ్లుగా నాకు దొరకనే లేదు. నిన్ను చూస్తా నిలబడిపోయింది," అంది. తర్వాత తల వంచుకుని, "గుండె మీద చేయి పెట్టుకోని చెప్పింది బాగాలేదు. కడాన చెప్పినావే, అది మల్లా చెప్పు," అంది.

 చొక్కా ఒక చేయి తొడుక్కుని, రెండో చేయి ఎక్కడ దూర్చాలో వెతుక్కుంటూ నిలబడ్డాను. సుధ అది చూసి మామ వైపు తిరిగింది.

"నాయనా, ఈయన ఇప్పుడు చెప్పలేడు. నేనే చెప్తాను. నాకు సమ్మతం."

ఆ ఫోటో ఇప్పుడు మా హాల్లో ఉంది. వచ్చినవాళ్లందరూ అణిల్‌ను మెచ్చుకుని, వెనక ఆ నీడ ఎవరిదని అడుగుతారు. సుధ చెబుతుంది, ఇడ్లీతో సహా. కనుక మా మిల్లు తానుల మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా భార్యతో మనసులో మాట ఏదైనా చెప్పాలంటే, గుడ్డ చాటున కాకుండా, ఎదురుగా నిలబడి, చొక్కా వేసుకుని చెబుతాను.