కోబర్న్ పార్కులో తడి మట్టి

ఎమిల్ హ్రిట్స్కోకి ఈ లోకంలో ఎవరి మీదా పూర్తి నమ్మకం ఉండేది కాదు. వాన వస్తుందని రేడియో చెబితే బయటికొచ్చి ఆకాశం చూసేవాడు. రాదని చెబితే రెండుసార్లు చూసేవాడు. ఉక్కు కార్ఖానా పొగలో మునిగి ఉండే మా ఊళ్ళో, నది ఒడ్డున, కోబర్న్ పార్కు అని చెక్కతో కట్టిన పాత బేస్‌బాల్ మైదానం ఒకటుండేది. ఇప్పుడక్కడ టైర్ల గోదాము పెట్టారు, వాళ్ళ మొహాలు మండ. ఆ మైదానం నేలంతా ఎమిల్ చేతిలోనే ఉండేది. గడ్డి కోసేదీ, మట్టి దువ్వేదీ, సున్నపు గీతలు గీసేదీ అతనే.

నేల చూసుకునే ప్రతివాడికీ ఓ చేతివాటం ఉంటుంది. ఎమిల్ చేతివాటం నీళ్ళ పైపు. అవతలి జట్టులో కాళ్ళకు చక్రాలున్న కుర్రాళ్ళు ఉన్నారనుకోండి, వాళ్ళు మొదటి బేస్ మీద, అంటే పరుగు దారిలో నేలకి బిగించిన మొదటి సంచి మీద నిలబడి, బంతి విసిరేవాడి కళ్ళుగప్పి రెండో బేస్‌కి దొంగపరుగు తీస్తారు. అందుకని ఎమిల్ పొద్దున్నే వచ్చి, మొదటి బేస్ పక్కన వాళ్ళు కాలు తన్నిపట్టి లేచే బారెడు చోటును బాగా తడిపి, పైన పొడి మట్టి పల్చగా చల్లేవాడు. పైకి ఏమీ తెలియదు. పరుగెత్తబోయినవాడు మాత్రం చతికిలబడేవాడు. ఇది మోసం కదా అంటారేమో. ఆ రోజుల్లో ప్రతి పార్కులోనూ ఇలాంటివి నడిచేవి, ఎవడూ సత్యహరిశ్చంద్రుడు కాదు.

ఈ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. ఎమిల్, జట్టు మేనేజర్ వాల్ట్ ప్రెంటిస్, ఆంటన్. ఈ ఆంటన్ ఎమిల్ భార్య లుడ్మిలాకి స్వయానా అన్న. కార్ఖానాలో కాలు నలిగిపోయాక వేరే ఏ పనీ దొరక్క, మైదానం చివర స్కోరుబోర్డు మీది చెక్క గూట్లో కూర్చుని రేకు అంకెలు మార్చేవాడు. కుంటుకుంటూనే నిచ్చెన ఎక్కేవాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. ఆ చెక్క గూడే అతనికి ఇల్లు, వాకిలి, సంసారం. పొద్దున పైపు లాగడానికి సాయం చేసేదీ, మధ్యాహ్నం ఎమిల్‌తో కలిసి పనిముట్ల కొట్టంలో భోంచేసేదీ అతనే.

ఆ వేసవిలో గ్రేఫోర్డ్ జట్టు వచ్చింది. వాళ్ళలో డెల్ పర్విస్ అని మెరుపులా పరిగెత్తే కుర్రాడొకడు. మొదటి బేస్ చేరగానే తడి చోటుకి రెండడుగులు వెనక్కి జరిగి, పొడి నేల మీద కాలు పెట్టి, తుర్రుమన్నాడు. మళ్ళీ వచ్చినప్పుడూ అంతే. వాళ్ళ జట్టులో అందరూ అంతే.

వాల్ట్ ఎమిల్‌ని పిలిచి తలుపు వేశాడు. "మన ముగ్గురిలో ఒకడు నోరు జారాడు. నేను కాదు. ఎవడో తేల్చు. లేదంటే ఇద్దర్నీ పంపించేస్తా."

తను కాదని ఎమిల్‌కి తెలుసు. ఇంక మిగిలింది ఎవరు?

ఒకసారి అనుమానం దూరాక మనిషి ఏం చేసినా తప్పుగానే కనబడుతుంది. ఆంటన్ కొత్త టోపీ పెట్టుకొస్తే ఎవరు కొనిపెట్టారా అనిపించేది. ఈల వేస్తే అదేదో సైగలా వినిపించేది. పైగా ఆదివారం ప్రార్థన అయ్యాక, బీరు కొట్టులో ఆంటన్ పక్కనే గ్రేఫోర్డ్ కోచ్ కూర్చుని ఉండటం ఎమిల్ కళ్ళారా చూశాడు.

"వాడితో నీకేంటి బావా మాటలు?" అని మర్నాడు అడిగాడు.

"ఎవడితో?"

"అదే, గ్రేఫోర్డ్ వాడితో."

"ఓ, ఆయనా! ఉప్పు అడిగాడు. ఇచ్చా."

"ఉప్పు ఇవ్వడానికి అంతసేపా?"

"గుడ్డు మీద చల్లుకోవద్దూ మరి!" అని ఆంటన్ పకపకా నవ్వాడు. ఎమిల్ నవ్వలేదు.

అప్పటినుంచి పైపు తనే లాక్కున్నాడు. ఆంటన్ భోజనం డబ్బా పట్టుకుని కొట్టంలోకి రాగానే ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు ఆంటన్ గుమ్మంలోనే ఆపాడు. "బావా, నీతో ఓ మాట. మైదానం సంగతే." "తర్వాత చూద్దాం" అని ఎమిల్ పక్కనుంచి దూసుకుపోయాడు. తనని బుట్టలో వేసుకోవడానికి వచ్చాడనుకున్నాడు. ఇప్పుడు చెబుతుంటే నాకే అతని చెంప ఛెళ్ళుమనిపించాలనిపిస్తోంది.

లుడ్మిలాకి వాసన తగిలింది. "మా అన్నయ్య ఏం చేశాడని మొహం మాడ్చుకున్నావ్?" అంది వడ్డిస్తూ.

"ఏం చేశాడో వాడినే అడుగు."

"అడిగా. నువ్వే మాట్లాడట్లేదన్నాడు."

ఎమిల్ కంచం పక్కకి నెట్టేశాడు. అన్నాచెల్లెళ్ళు ఒకటైపోయారు అనుకున్నాడు. చూశారా, ఆ అనుమానపు పురుగు ఇంటిదాకా వచ్చింది.

గ్రేఫోర్డ్ మళ్ళీ రావడానికి ముందు అతను వాల్ట్ దగ్గరికి వెళ్ళి, ఆంటనే అయ్యుంటాడని చెప్పేశాడు. బీరు కొట్టు సంగతి కూడా చెప్పాడు. ఉప్పు సంగతి చెప్పలేదు. వాల్ట్ ఆంటన్‌ని పిలిపించాడు. లోపలికి వెళ్ళినవాడు సిగరెట్ కాల్చినంత సేపట్లో బయటికొచ్చి, ఎవరి వంకా చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.

"ఒప్పుకున్నాడు. కాదనలేదు కూడా" అన్నాడు వాల్ట్.

ఎమిల్‌కి మనసు తేలికపడింది. అవును, తేలికే పడింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

స్కోరుబోర్డు మీదికి వాల్ట్ మేనల్లుడు వచ్చాడు. గ్రేఫోర్డ్ వచ్చింది. ఎమిల్ ఒక్కడే తడిపాడు, ఒక్కడే మట్టి చల్లాడు. పర్విస్ మొదటి బేస్ చేరాడు, రెండడుగులు వెనక్కి జరిగాడు, తుర్రుమన్నాడు.

ఆట అయ్యాక ఎమిల్ సిగ్గు విడిచి పర్విస్‌ని పట్టుకున్నాడు. "నిజం చెప్పు బాబూ. మావాళ్ళలో ఎవడు చెబుతున్నాడు నీకు?"

పర్విస్ బూట్ల మట్టి దులుపుకుంటూ నవ్వాడు. "ఎవరూ చెప్పక్కర్లేదు పెద్దాయనా. ఆటకి ముందు బేస్ సంచులు బిగించడానికి రెండో బేస్ నుంచి మొదటిదానికి నడుస్తావు కదా. నేల పొడిగా ఉంటే తిన్నగా వస్తావు. తడిపిన రోజు ఆ చోటుకి రాగానే పక్కకి తప్పుకుని చుట్టు తిరిగొస్తావు. మేమంతా బెంచీ మీద కూర్చుని నీ కాళ్ళే చూస్తాం."

నిజమే. అప్పుడే తడిపిన మట్టి మీద నేల చూసుకునేవాడు ఎవడైనా కాలు పెడతాడా? చచ్చినా పెట్టడు. ఆ సంగతి ఎమిల్ కాళ్ళకు తెలుసు, ఎమిల్‌కే తెలియదు.

తిన్నగా వాల్ట్ దగ్గరికి పరిగెత్తి ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఆంటన్‌ని వెనక్కి పిలవండి. కావాలంటే నన్ను తీసేయండి."

"ఇప్పుడెలా పిలుస్తాను? ఆ చోటు మా చెల్లెలి కొడుక్కి ఇచ్చేశా" అన్నాడు వాల్ట్. "నువ్వు మాత్రం రేపటినుంచి, తడి ఉన్నా లేకపోయినా, చుట్టూ తిరిగే నడువు."

ఎమిల్ వెళ్ళేసరికి ఆంటన్ తన అద్దె గదిలో స్టవ్ మీద క్యాబేజీ వేయించుకుంటున్నాడు. తలుపు తీసి కుర్చీ జరిపాడు. ఎమిల్ కూర్చుని అంతా చెప్పుకొచ్చాడు.

"అదే ఆ రోజు నీకు చెబుదామని వచ్చా" అన్నాడు ఆంటన్ గరిటె తిప్పుతూ. "నువ్వు పక్కకి తప్పుకోవడం పైనుంచి నాకు బాగా కనబడేది."

"మరి వాల్ట్‌కి చెప్పొచ్చుగా బావా! నన్ను కాపాడ్డానికి నీ మీద వేసుకున్నావా? ఎంత పని చేశావు!"

"నిన్ను కాపాడ్డమా?" ఆంటన్ స్టవ్ ఆపి ఇటు తిరిగాడు. "అంత లేదులే. నీ చెల్లెలి మొగుడే నీ మీద చెప్పాడోయ్ అని వాల్ట్ అన్నాడు. అది విన్నాక నాకింక ఆ పార్కులో కూర్చోబుద్ధి కాలేదు. అవునంటే పంపించేస్తాడు కదా అని, అవునన్నా."

ఎమిల్ లేవలేదు. ఆంటన్ వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు. ఒక్క కంచం తీసుకుని, క్యాబేజీ వడ్డించుకుని, తినడం మొదలుపెట్టాడు.