వీపు మీద ఏడు చారలు

కోర్టు ఆవరణలో ఆమెను అందరూ టేపక్క అంటారు. భుజాన వేలాడే గుడ్డసంచిలో ఎప్పుడూ ఒక కొలత టేపు ఉంటుంది. ఆసుపత్రి శవాగారంలో ఇరవై రెండేళ్లు పనిచేసి, రిటైరయ్యాక ముద్దాయిల తరఫున వాదించే ఒక ప్లీడరు దగ్గర చేరింది. ఒకరు చనిపోయారు, ఇంకొకరు చంపారు అంటారు. ఆ రెండు మాటల మధ్య ఎంత ఖాళీ ఉందో చూసిరావడం ఆమె పని.

చెల్లెలికి ఈ పని గిట్టదు. కూతురికి సంబంధాలు చూస్తున్నామని, వచ్చినవాళ్లు పిల్ల పెద్దమ్మ ఏం చేస్తుందని అడిగితే ఏం చెప్పాలో తోచక చస్తున్నానని ఓ పొద్దున గిన్నెలు చప్పుడు చేస్తూ సణిగింది.

"హంతకుల తరఫున కొలతలు తీస్తుందని చెప్పవే. అది విన్నాక కూడా కుర్చీలోంచి లేవనివాడే మనకు అల్లుడు" అంది టేపక్క.

చెల్లెలు నవ్వు దాచుకోవడానికి అటు తిరిగింది.

అప్పుడు చేతిలో ఉన్నది ఒక ఆయా కేసు. వృద్ధాశ్రమంలో మందు మింగనని మొండికేసే ముసలాయన్ని కర్రతో కొట్టి చంపిందని ఆయన కొడుకు ఫిర్యాదు. సాక్ష్యం ఆయన వీపే. దాని మీద ఏడు ఊదారంగు చారలు. పోస్టుమార్టం రిపోర్టు కూడా వాటిని దెబ్బలనే, ఆ దెబ్బలకే గుండె ఆగిందనే అంది.

టేపక్క ఆ వీపు ఫొటోను కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. చారలన్నీ అడ్డంగా, ఒకే వెడల్పుతో, ఒకే ఎడంతో ఉన్నాయి. కోపానికి ఇంత పొందిక ఉండదనుకుంది. గుండె ఆగాక నెత్తురు నీళ్లలాగే పల్లానికి దిగుతుంది. ఒళ్లు గట్టిగా ఆనినచోట చర్మం పాలిపోతుంది, ఆననిచోట ఊదాగా మారుతుంది. ఏడెనిమిది గంటలు దాటితే ఇక ఎటు తిప్పినా ఆ రంగు కదలదు. ఎన్నో వీపులను తిప్పి పడుకోబెట్టిన ఆమె చేతులకు ఆ సంగతి కంఠతా వచ్చు.

కానీ ముసలాయన మెత్తటి పరుపు మీద పోయాడని ఆయా పోలీసులకు చెప్పింది. పరుపు చారలు వెయ్యదు.

ఆశ్రమం వరండాలో చెక్క పలకలు అడ్డంగా పరిచిన బెంచీ ఒకటి ఉంది. టేపక్క మోకాళ్ల మీద కూర్చుని కొలిచింది. పలకకూ పలకకూ మధ్య సందు ఒకటిన్నర అంగుళం. ఫొటోలో శవం పక్కన పెట్టిన స్కేలు ప్రకారం చార వెడల్పూ అంతే.

జైల్లో ఆయా మొదట బుకాయించింది. కొలతలు చూపించాక తల దించుకుని చెప్పింది. ఇరవై మంది ముసలివాళ్లకు తానొక్కతే. పొద్దున పదింటికి ఆయన బెంచీ మీద వెల్లకిలా పడుకుంటే నిద్రపోయాడనుకుని దుప్పటి కప్పింది. సాయంత్రం ఏడు దాటాక లేపబోతే ఒళ్లు చల్లగా తగిలింది. భయపడి పరుపు మీదికి చేర్చింది.

"చూసుకోలేదని తెలిస్తే నాకు ఇంకెక్కడా పని ఇవ్వరక్కా."

"పని కోసం జైల్లోనే ఉండిపోతావా? నువ్వు చూడలేదు, అది తప్పే. కొట్టలేదు, అదీ నిజమే. రెండూ నీ నోటితోనే చెప్పు. ఒకటి దాచి రెండోది నమ్మమంటే ఎవరు నమ్ముతారు?"

కోర్టులో ఆయా రెండూ చెప్పింది. తరువాత టేపక్క బోనెక్కితే, మీరు డాక్టరా అని ప్రభుత్వ వకీలు చిన్నగా నవ్వాడు.

"కాదండి. డాక్టరుగారు చేతులు కడుక్కుని వెళ్లాక శవాన్ని కుట్టి, కడిగిన మనిషిని."

"అయితే డాక్టరుగారికే పాఠం చెబుతారా?"

"ఒకే ఒక్క ప్రశ్న అడగమంటాను. దెబ్బయితే లోపల కండలో నెత్తురు గడ్డకడుతుంది, కడిగినా పోదు. కోస్తే తెలిసిపోతుంది. ఆ చారను కోసి చూశారా అని అడగండి."

జడ్జి డాక్టరును మళ్లీ పిలిపించాడు. ఆ రోజు పదకొండు శవాలు వచ్చాయని, పోలీసులు దెబ్బలని రాసి పంపితే తానూ అదే రాశానని, కోసి చూడలేదని ఆయన నేల చూస్తూ ఒప్పుకున్నాడు.

హత్య కేసు కొట్టేశారు. ఆయా ఉద్యోగం మాత్రం పోయింది.

మెట్ల దగ్గర ముసలాయన కొడుకు టేపక్కకు అడ్డం నిలిచాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరూ చంపలేదంటే, మా నాన్న పొద్దంతా బెంచీ మీద పడి ఉంటే ఎవరూ చూడలేదనేగా?"

"అంతే బాబూ. ఇరవై మందికి ఒక్క ఆయాను పెట్టిన వాళ్ల మీద వెయ్యి కేసు. నీ తరఫునా కొలతలు నేనే తీస్తాను."