కాశీ పేరు చెప్పి బాలి వెళ్ళిన ఉగాది

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడిందని సామెత. ఆ బల్లే నయం, సొంతూరి కుడితిలో పడింది. నేను పాస్‌పోర్టు చేయించుకుని, విమానమెక్కి, సముద్రం దాటి మరీ పడ్డాను. పైగా కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని. ఎలా పడ్డానో చెబుతాను, మీరూ నవ్వుకోండి. టెక్కలిలో అందరూ నవ్వేశారు, ఇక మీరే మిగిలారు.

నేను టెక్కలిలో పురోహితుణ్ణి. జీడితోటకి కాపు రోజులెలాగో మాకు ఉగాది అలాగ. శ్రీరామనవమి దాకా ఊపిరాడదు. అన్నిటికన్నా పెద్ద గండం గుళ్ళో పంచాంగ శ్రవణం. రాశిఫలాలు గ్రహాలవి కాదు, నేను ఇంట్లో కూర్చుని రాసినవే అన్నట్టు జనం పోట్లాడతారు. "నాకు అవమానం ఆరా? మా బావకి ఒకటేనా? కాత్త సూసి సెప్పండి పంతులుగారూ" అంటూ వంకాయల దగ్గర ఆడినట్టు బేరమాడతారు.

ఆ ఏడు సరిగ్గా ఉగాదికే మా అమ్మాయి స్రవంతికి సెలవులొచ్చాయి. పాలిటెక్నిక్ చదువుతోంది. "లోకమంతటికీ ప్రయాణ ముహూర్తాలు పెడతావు కదా నాన్నా, నన్నెప్పుడైనా ఇచ్ఛాపురం దాటించావా?" అంది. మాట గుచ్చుకుంది. వాళ్ళమ్మ స్కూలు టీచరు, పదో తరగతి పరీక్షల డ్యూటీ పడింది, రాలేనంది. సరే, తండ్రీకూతుళ్ళం బాలి ద్వీపం వెళ్దామనుకున్నాం. అక్కడా మన దేవుళ్ళే ఉన్నారని ఎవరో చెప్పారు.

ఇక గుడి కమిటీ పెద్ద గున్నయ్యగారికి చెప్పాలి. జీడిపప్పు వ్యాపారి. పిక్క చూసి లోపల పప్పు పుచ్చో కాదో చెప్పేస్తారు. ఆయన ముందు నిజం చెప్పే ధైర్యం చాలక, కాశీ వెళ్తున్నానన్నాను.

"మంచి పనేనండి. మరి పంచాంగం ఎవులు సదువుతారు?"

"ఈసారికి ఇంకెవరినైనా చూసుకోండి."

"మీ గొంతు లేపోతే అదేటి ఉగాదండి. కాశీ నుంచి ఫోన్లో సదివీండి, మేం మైకు కాడ పెట్టుకుంతాం. గంగ ఒడ్డు నుంచంతే ఇంకా పున్నెం."

ఎవరైనా నా గొంతు పొగిడితే నేను ఎండలో వెన్నముద్దని. ఒప్పుకున్నాను.

బయల్దేరే ముందు స్రవంతి ఫోన్లో ఏదో చదివి, "నాన్నా, మన ఉగాది రోజే వాళ్ళకీ కొత్త సంవత్సరమట. ఆ రోజు ఏవో రూల్సున్నాయట. టికెట్లు రెండు రోజులు జరుపుదామా?" అంది.

"పంచాంగం చదివేవాడికి పండగ సంగతి చెప్తావేమే. పండగంటే ఏముంటుంది, ఊరేగింపూ ప్రసాదమూ."

ఊరేగింపు మాట నిజమే అయింది. మేం దిగిన సాయంత్రం తాటిచెట్టంత రాక్షస బొమ్మల్ని మోసుకుంటూ వీధులు దద్దరిల్లేలా తిరిగారు. చూశావా అన్నట్టు అమ్మాయి వంక చూశాను. మర్నాడు లేచేసరికి కాకి అరుపు కూడా లేదు. స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని హోటలు గేటు దాకా వెళ్ళానో లేదో, గళ్ళ లుంగీ కట్టిన కాపలాదారు రెండు చేతులూ జోడించి నన్ను వెనక్కి పంపేశాడు.

హోటలు గుమాస్తా మెల్లగా చెప్పిందంతా స్రవంతి తెలుగు చేసింది. "ఇవాళ బయటికి వెళ్ళకూడదట. దీపం వెలిగించకూడదట. గట్టిగా మాట్లాడకూడదట. విమానాలు ఎగరవు, ఫోన్లో నెట్ కూడా ఆపేశారు. ద్వీపమంతా మౌనం నాన్నా."

"మాకూ ఇవాళే సంవత్సరాది అని చెప్పు."

చెప్పింది. అతని మొహం వెలిగిపోయింది. ఏదో అన్నాడు.

"ఏమన్నాడే?"

"అయితే మీకు చెప్పక్కర్లేదు, అన్నీ తెలిసే వచ్చుంటారు అంటున్నాడు."

టెక్కలిలో సాయంత్రమయ్యేసరికి అక్కడ పూర్తిగా చీకటి. గదిలో హోటలువాళ్ళ వైఫై ఒక్కటే దయతలచి పనిచేస్తోంది. ఇద్దరం దుప్పటి ముసుగేసుకుని కూర్చున్నాం. స్రవంతి తన ఫోను టార్చి పంచాంగం మీద వేసింది. నా ఫోను మోగింది. ఎత్తితే తెలిసింది, గున్నయ్యగారు మైకుతో సరిపెట్టుకోక గుళ్ళో పెద్ద తెర కట్టించి, వీడియో కాల్ చేశారు.

"ముసుగేటండి పంతులుగారూ?"

"కాశీలో దోమలు" అన్నాను గుసగుసగా.

"గొంతేటయిందండి?"

"పక్క గదిలో సాధువులు ధ్యానంలో ఉన్నారు."

స్రవంతి నా తొడ గిల్లింది. నేను గుసగుసల్లోనే రాజు, మంత్రి, సస్యాధిపతి అంటూ చదువుకుపోయాను. ఏటా భావనపాడు నుంచి పనిగట్టుకుని వచ్చే పడవ యజమాని ఎర్రయ్య, "ఈ ఏడు తుపాన్లున్నాయేటండి?" అని అడిగాడు.

"ఉన్నాయి" అన్నాను, పిల్లి నడిచినట్టు.

"ఒడ్డున కూకున్న మాకే ఇనపడనేదు. సంద్రంలో ఏటకెల్లినోడికి ఏటి ఇనపడతాదండి? గట్టిగా సెప్పండి."

గొంతు మాటొచ్చేసరికి ఒళ్ళు మరిచాను. "తుపాన్లు తప్పవు" అని గుడి గంట మోగించినట్టు అరిచాను. ముసుగు జారింది, టార్చి వెలుగు కిటికీ మీద పడింది. వెంటనే తలుపు చప్పుడు. స్రవంతి తీసింది. పొద్దున నన్ను గేటు దగ్గర ఆపిన కాపలాదారే. పాపం, కోప్పడలేదు. నా పక్కకొచ్చి, పెదవుల మీద వేలు పెట్టుకుని, ఫోన్లోకి వంగి చూసి, టెక్కలి భక్తులందరికీ వినయంగా నమస్కారం పెట్టాడు. తలపాగా, గళ్ళ లుంగీ, చెవిలో తెల్లటి పువ్వు.

గుళ్ళో చప్పుడు లేదు. బాలిలో కూడా అంత మౌనం లేదు. చివరికి మైకులో గున్నయ్యగారి గొంతు వినిపించింది.

"పంతులుగారూ, కాశీలో అందరూ ఇలాగే సెవిలో పువ్వెట్టుకుంతారేటండి?"

నేను నోరు తెరిచేలోగా వెనకనుంచి ఎర్రయ్య అందుకున్నాడు. "ఆ పువ్వు ఆయన సెవిలోది కాదు బావా. మన సెవుల్లోది."

గుడి కప్పు లేచిపోయేలా నవ్వారు. మౌనం భంగం కాకుండా కాపలాదారు నా ఫోను మీద తలగడ అదిమిపెట్టాడు.

తిరిగొచ్చాక ఆ గుళ్ళోనే అందరి ముందూ ఆచమనం చేసి, దేశకాలాలు చెప్పి, అరచేతిలో నీళ్ళు వదిలి సంకల్పం చేసుకున్నాను. ఇకమీదట సంవత్సరాది నాడు టెక్కలి పొలిమేర దాటను. అబద్ధం ఆడను. ఒకవేళ ఆడక తప్పకపోతే, వీడియో ఆపి ఆడతాను.